చెట్టు మీది ఫెర్న్ ఇంటికి వచ్చిన కథ

చెట్టు కొమ్మ మీద వేరే మొక్క కనబడితే మనవాళ్లు వెంటనే "బదనిక పట్టింది, పీకెయ్యండి" అంటారు. నిజంగా బదనిక అయితే ఆ మాట సరే. బదనిక తన వేరును కొమ్మ లోపలికి దించి చెట్టు రసం తాగుతుంది. కానీ కొమ్మ మీద ఉన్న ప్రతి మొక్కా బదనిక కాదు. కొన్ని ఫెర్న్ మొక్కలు బెరడును పట్టుకుని ఊరికే కూర్చుంటాయి. వాన నీళ్లు, గాలిలోని తేమ, రాలిన ఆకులు కుళ్లితే వచ్చే ఎరువు, ఇవే వాటి ఆహారం. చెట్టు రసం వాటికి అక్కర్లేదు. ఇలాంటి మొక్కల్ని మన బయాలజీ పుస్తకాల్లో వృక్షోపజీవులు అంటారు.

ఈ ఫెర్న్‌లను మనుషులు ఎప్పుడు గుర్తించారు, ఇంట్లో పెంచడం ఎలా నేర్చుకున్నారు, నేర్చుకున్న తర్వాత అడవిని ఏం చేశారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతుకుతూ ఈ వ్యాసం రాస్తున్నాను. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలే అనుకుంటాం కదా. ఒక మొక్కకు కూడా చరిత్ర ఉంటుందని, అందులో తప్పొప్పులు కూడా ఉంటాయని చదివాక నాకు అర్థమైంది.

మన కొండల ఫెర్న్

దక్షిణ భారతదేశంలో ఎక్కువగా కనబడే చెట్టు ఫెర్న్ ఒకటి ఉంది. దాని శాస్త్రీయ నామం డ్రైనేరియా క్వెర్సిఫోలియా. మామిడి, పనస లాంటి ముదురు చెట్ల మీద, కొండల్లో బండల మీద కూడా పెరుగుతుంది. దీనికి రెండు రకాల ఆకులుంటాయి. ఒక రకం పొట్టిగా, కాడ లేకుండా, కొమ్మకు అంటుకుని దోసిలి పట్టినట్టు ఉంటాయి. ఇవి కొద్ది రోజులకే ఎండిపోయి గోధుమ రంగుకు వస్తాయి గానీ రాలిపోవు. పై నుంచి రాలే ఆకులు, దుమ్ము, వాన నీళ్లు ఆ దోసిలిలో పడి నిలుస్తాయి. అవి కుళ్లి ఎరువవుతాయి. అంటే ఈ మొక్క తన కుండీని తనే తయారు చేసుకుంటుంది! రెండో రకం ఆకులు పచ్చగా, పొడవుగా, ఈకలా చీలి ఉంటాయి. ఎండలో ఆహారం తయారు చేసేవి ఇవే. వేసవి వస్తే ఈ పచ్చ ఆకులు రాలిపోతాయి. అప్పుడు చూసినవాళ్లు మొక్క చచ్చిపోయింది అనుకుంటారు. తొలకరి పడగానే మళ్లీ చిగురిస్తుంది.

దీని గురించి మనకు తెలిసిన పాత పుస్తకాల్లో ముఖ్యమైనది హోర్టస్ మలబారికస్. కొచ్చిన్‌లో డచ్చివారి అధికారిగా ఉన్న హెండ్రిక్ వాన్ రీడ్ దీన్ని తయారు చేయించాడు. 1678 నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటాలుగా అచ్చయింది. మొక్కల పేర్లు, మందు గుణాలు చెప్పినవాళ్లు మాత్రం కేరళ వైద్యులు. వాళ్లలో ఇట్టి అచ్యుతన్ పేరు ముఖ్యంగా చెబుతారు. ఈ ఫెర్న్‌కు ఆ పుస్తకంలో ఉన్న పేరు 'పన్న కెళెంగు మరవార'. మనం తమిళనాడులో ఉంటాం కాబట్టి ఈ పేరు సగం మనకే అర్థమవుతుంది. కిళంగు అంటే దుంప, మరం అంటే చెట్టు. పన్న అంటే మలయాళంలో ఫెర్న్. 'మరవార' అనే మాట ఆ పుస్తకంలో చెట్ల మీద పెరిగే ఇంకా చాలా మొక్కల పేర్ల చివర వస్తుంది. అంటే ఇవన్నీ చెట్టు మీద బతికే ఒక జట్టు అని మన వైద్యులు అప్పటికే గుర్తించి, ఆ సంగతిని పేరులోనే పెట్టారు.

తర్వాత 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి లాటిన్ పేరు పెట్టాడు. క్వెర్సిఫోలియా అంటే ఓక్ చెట్టు ఆకు లాంటిది అని. ఆయన ఎప్పుడూ ఇండియాకు రాలేదు. అందుకే తన దేశంలో తనకు తెలిసిన చెట్టుతో పోల్చాడు. అయినా ప్రపంచమంతా ఇప్పుడు పిలిచే పేరు అదే.

19వ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖలో రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ అనే అధికారి ఉండేవాడు. మొదట సైన్యంలో పనిచేసి తర్వాత అడవుల పనిలోకి వచ్చాడు. నీలగిరి, ఆనమలై కొండలే కాకుండా తిరుపతి కొండలు, ఇప్పటి ఒడిశాలోని జయపురం కొండలు కూడా తిరిగాడు. 1863లో మద్రాసులో ఆయన దక్షిణ భారత ఫెర్న్‌ల మీద పుస్తకం అచ్చు వేయడం మొదలుపెట్టాడు. అందులో రెండు వందలకు పైగా బొమ్మలున్నాయి. మన కొండల్లో ఏ ఫెర్న్ ఉందో తెలుసుకోవాలంటే ఈనాటికీ ఆ పుస్తకం చూస్తారు.

కనబడని విత్తనం

ఇప్పుడు యూరప్ సంగతికి వస్తాను. పెంచడం గురించి పెద్ద ప్రశ్న అక్కడే తలెత్తింది. ఫెర్న్‌కు పువ్వు పూయదు. కాయ కాయదు. మరి కొత్త మొక్క ఎక్కడి నుంచి వస్తుంది? విత్తనం తప్పకుండా ఉంటుంది, కానీ అది కంటికి కనబడదు అని అక్కడి ప్రజలు నమ్మేవారు. అంతటితో ఆగలేదు. కనబడని విత్తనం దగ్గర పెట్టుకుంటే మనిషి కూడా కనబడకుండా పోతాడని అనుకునేవారు. జూన్ నెలలో ఒక పండుగ రాత్రి దాని కోసం అడవికి వెళ్లేవారట. షేక్‌స్పియర్ నాలుగో హెన్రీ నాటకంలో కూడా ఈ నమ్మకం గురించి ఒక మాట ఉంది. మన మాయా బజారు కథల్లాగే ఉంది కదా!

ఈ చిక్కు విప్పినవాళ్లలో ఒకరు జమైకా దీవిలో డాక్టరుగా ఉన్న జాన్ లిండ్సే. వానలు పడ్డాక కొత్తగా తవ్విన మట్టి మీద చిన్న చిన్న ఫెర్న్ పిల్లలు రావడం ఆయన చూశాడు. ఆకు వెనక ఉండే గోధుమ రంగు పొడిని తీసి కుండీలో మట్టి మీద చల్లాడు. రోజూ కొంచెం మట్టి తీసి మైక్రోస్కోప్ కింద చూసేవాడు. సుమారు 12వ రోజున ఆ పొడి గింజలు పచ్చబడటం మొదలైంది. ఆయన రాసిన వ్యాసం 1794లో లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ పత్రికలో అచ్చయింది. లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్ అనే పెద్దమనిషి జమైకా ఫెర్న్‌లు కావాలని అడిగితే, లిండ్సే ఆ పొడినే పంపి, పెంచే పద్ధతి చెప్పాడు. ఆకు వెనక పొడి కొంచెం ఉంటే చాలు, అడవిలో మొక్క అడవిలోనే ఉంటుంది. ఈ తేదీని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. దీని అవసరం ముందు వస్తుంది.

ఆ పొడినే మనం సిద్ధబీజాలు అంటాం. అయితే సిద్ధబీజం నేరుగా ఫెర్న్ అవ్వదు. ముందు గోరు కన్నా చిన్నగా, గుండె ఆకారంలో ఒక పచ్చని రేకు అవుతుంది. ఆ రేకు మీద ఆడ, మగ కణాలు తయారవుతాయి. మగ కణం నీటిలో ఈదుకుంటూ పోయి ఆడ కణాన్ని కలిస్తేనే అసలు ఫెర్న్ పుడుతుంది. ఈ మొత్తం జీవిత చక్రాన్ని 1851లో జర్మనీకి చెందిన విల్హెల్మ్ హాఫ్‌మైస్టర్ వివరంగా చూపించాడు. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్లు. యూనివర్సిటీలో చదవలేదు. వాళ్ల నాన్న పుస్తకాల వ్యాపారంలో పనిచేస్తూ, పొద్దున్నే లేచి మైక్రోస్కోప్‌తో సొంతంగా నేర్చుకున్నాడు. పదో తరగతి చదువుతున్న మాకు ఇది ధైర్యం ఇచ్చే సంగతి.

సీసాలో మొలిచిన మొక్క

లండన్ తూర్పు భాగంలో నథానియల్ వార్డ్ అనే డాక్టర్ ఉండేవాడు. ఆయనకు ఫెర్న్‌లంటే ప్రాణం. ఇంటి వెనక రాళ్లు పేర్చి ఫెర్న్‌లు నాటాడు గానీ ఫ్యాక్టరీల బొగ్గు పొగకు అన్నీ చచ్చిపోయాయి. 1829 ప్రాంతంలో ఆయన ఒక సీతాకోకచిలుక జాతి పురుగు ప్యూపాను తడి మట్టిలో ఉంచి, గాజు సీసాలో పెట్టి మూత బిగించాడు. ప్యూపా సంగతి ఏమోగానీ మట్టిలోంచి ఒక ఫెర్న్, ఒక గడ్డి మొలిచాయి! బయట బతకని ఫెర్న్ సీసాలో బతికింది. ఎందుకో ఆయన గమనించాడు. పగలు మట్టిలోని నీరు ఆవిరై గాజుకు పట్టి, మళ్లీ కిందికి జారి మట్టినే తడుపుతోంది. పొగ లోపలికి రావడం లేదు. ఆ సీసా కిటికీ బయట దాదాపు 4 ఏళ్లు ఉంది. ఆయన ఒక్కసారి కూడా నీళ్లు పోయలేదు.

అప్పట్లో దూర దేశాల మొక్కల్ని ఓడలో తేవడం చాలా కష్టం. ఉప్పు గాలి, ఎండ, మంచినీళ్ల కరువు. చైనాలో ఉన్న జాన్ లివింగ్‌స్టన్ అనే డాక్టర్ 1819లో, వెయ్యి మొక్కలు పోతే ఒకటి బతుకుతోందని లెక్క చెప్పాడు. వార్డ్ 1833లో రెండు గాజు పెట్టెల్లో ఫెర్న్‌లు, గడ్డి మొక్కలు నింపి ఆస్ట్రేలియాకు పంపాడు. నెలల తరువాత అవి పచ్చగా దిగాయి. 1834లో అవే పెట్టెల్లో ఆస్ట్రేలియా మొక్కలు పెట్టి తిరిగి పంపారు. దారిలో ఒకచోట మండే ఎండ, ఇంకోచోట ఓడ మీద అడుగు మందం మంచు. 8 నెలల ప్రయాణం తర్వాత పెట్టె తెరిస్తే మొక్కలు బతికే ఉన్నాయి.

ఈ వార్డ్ పెట్టె మన దేశ చరిత్రలోకి కూడా వచ్చింది. 1848 తర్వాత రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి తేయాకు మొక్కల్ని ఇలాంటి పెట్టెల్లోనే హిమాలయ ప్రాంతాలకు తెచ్చాడు. 1861లో ఈక్వడార్ నుంచి సింకోనా మొక్కలు ఇలాంటి పెట్టెల్లోనే మన నీలగిరికి వచ్చాయి. సింకోనా బెరడు నుంచే మలేరియాకు క్వినైన్ మందు తీస్తారు. ఒక సీసాలో అనుకోకుండా మొలిచిన ఫెర్న్ వల్ల ఊటీ కొండల రూపం మారింది అంటే అతిశయోక్తి కాదు.

ఫెర్న్ పిచ్చి

1845లో ఇంగ్లండ్‌లో గాజు మీద పన్ను తీసేశారు. గాజు చౌక అయింది. మధ్యతరగతి ఇళ్లల్లో కూడా గాజు పెట్టెలు, వాటిలో ఫెర్న్‌లు వచ్చాయి. గిన్నెల మీద, బట్టల మీద, ఇనుప కుర్చీల మీద అన్నిటి మీదా ఫెర్న్ ఆకు బొమ్మే. 1855లో చార్లెస్ కింగ్‌స్లీ అనే రచయిత దీనికి 'టెరిడోమేనియా' అని పేరు పెట్టాడు. అంటే ఫెర్న్ పిచ్చి.

ఉష్ణమండలం నుంచి కొమ్మల మీద పెరిగే ఫెర్న్‌లు కూడా వచ్చాయి. పక్షిగూడు ఫెర్న్, దుప్పి కొమ్ముల ఫెర్న్ లాంటివి వాటిలో ముఖ్యం. దుప్పి కొమ్ముల ఫెర్న్‌ల జాతికి 1827లో ప్లాటిసీరియం అని పేరు పెట్టారు. ఇవి మామూలు మట్టి కుండీలో పెడితే కుళ్లిపోతాయి. చెట్టు మీది ఆర్కిడ్ల విషయంలో అదివరకే ఈ అనుభవం అయింది. వాటిని తడి మట్టిలో నాటి చాలా చంపుకున్నారు. ఇంతకుముందు చెప్పిన జోసెఫ్ బ్యాంక్స్ మాత్రం సన్నని పుల్లలతో బుట్ట అల్లి, నాచు పరిచి, అందులో పెంచాడు. నేల మొక్క కాని దాన్ని నేలలో పెట్టకూడదు అనే చిన్న సంగతి తెలుసుకోవడానికి అంత కాలం పట్టింది.

కానీ ఈ కథలో బాధ కలిగించే భాగం కూడా ఇక్కడే ఉంది. ఐర్లాండ్‌లో కిల్లార్నీ ఫెర్న్ అని ఒకటి ఉండేది. జలపాతాల దగ్గర తడి రాళ్ల మీద పెరిగే అందమైన ఫెర్న్. ఈ పిచ్చి రోజుల్లో దాన్ని బుట్టల కొద్దీ పీకి యాత్రికులకు అమ్మారు. చాలా చోట్ల అది పూర్తిగా కనబడకుండా పోయింది. ఈనాటికీ అది అరుదైన మొక్కే. చట్టం పెట్టి కాపాడుతున్నారు. ఇప్పుడు లిండ్సే తేదీని గుర్తు చేసుకోండి. 1794 నుంచే పొడి చల్లి ఫెర్న్ పెంచే పద్ధతి అచ్చులో ఉంది. పిచ్చి ముదిరింది 1850ల్లో. అంటే పద్ధతి తెలియక పీకలేదు. పొడి చల్లితే ఏడాది ఆగాలి, పీకితే ఈరోజే డబ్బులు. అందుకే పీకారు.

ఇప్పుడు మన దగ్గర

ఇది ఎక్కడో ఇంగ్లండ్ సంగతి అనుకోవడానికి లేదు. పోయిన ఏడాది స్కూల్ టూర్‌లో మేం నామక్కల్ జిల్లా కొల్లిమలై వెళ్లాం. 70 మలుపుల ఘాట్ రోడ్డు ఎక్కి దిగేసరికి సగం మందికి తల తిరిగింది. పైన అంగళ్లలో బూడిద, గోధుమ రంగు నూగుతో ఉన్న దుంపలు కుప్పలు పోసి ఉన్నాయి. 'ముడవాట్టుకాల్ కిళంగు' అంటారు. ఆట్టుకాల్ అంటే మేక కాలు. నిజంగానే నూగు ఉన్న మేక కాలులా కనబడుతుంది. పక్కనే దాని సూప్ అమ్ముతున్నారు. మోకాళ్ల నొప్పులకు మంచిదని, రుచి మటన్ సూప్‌లా ఉంటుందని చెబుతారు. ఆ దుంప ఏదో కాదు, పైన చెప్పిన డ్రైనేరియానే. అది దాని కాండం. దాన్ని తీస్తే మొక్కంతా పోయినట్టే.

నేను అమ్మే అక్కను తమిళంలో అడిగాను, "అక్కా, ఇది తోటలో వేస్తారా?" అని. "తోటలో ఎక్కడ కన్నా, బండల మీద నుంచే తెస్తాం. ముందు దగ్గరే దొరికేది, ఇప్పుడు దూరం పోవాలి" అంది. ఆ అక్కను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆమెకు అదే బతుకుతెరువు. కొండ మీద వాళ్లు తరతరాలుగా ఇది తింటున్నారు. అప్పుడు తినేది వాళ్ల ఇళ్ల వరకే. ఇప్పుడు బస్సుల్లో, కార్లలో వచ్చే మనలాంటి వాళ్లందరికీ కావాలి. 'ఇప్పుడు దూరం పోవాలి' అన్న ఆ ఒక్క మాట నాకు కిల్లార్నీ కథ చదివినప్పుడు మళ్లీ గుర్తొచ్చింది.

పెంచే పద్ధతి

అందుకే పీకకుండా పెంచడం ఎలాగో రాస్తున్నాను. మా సైన్స్ టీచర్ సాయంతో లిండ్సే పద్ధతినే మేం స్కూల్లో చేశాం. మా స్కూల్ వెనక మామిడిచెట్టు మీద డ్రైనేరియా ఉంది. దాని ఒక పచ్చ ఆకు ముక్క, వెనక గోధుమ చుక్కలు ఉన్నది, కోసి పేపరులో మడిచి రెండు రోజులు ఉంచాం. సన్నని పొడి రాలింది. ఇటుక పొడి, కొబ్బరి పీచు పొడి కలిపి మరుగుతున్న నీళ్లు పోసి చల్లార్చాం. ఇలా చేస్తే బూజు, కలుపు రావు. దాని మీద పొడిని పలచగా చల్లి పైన గాజు పలక పెట్టాం. అంటే మాదీ ఒక చిన్న వార్డ్ పెట్టే. నేరుగా ఎండ తగలని కిటికీ దగ్గర ఉంచాం. పై నుంచి నీళ్లు పోయలేదు, తొట్టిని నీళ్ల పళ్లెంలో పెట్టాం. జులైలో చల్లితే కొన్ని వారాలకు పచ్చని పొరలా వచ్చింది. అర్ధ సంవత్సర పరీక్షల నాటికి గుండె ఆకారపు రేకులు కనబడ్డాయి. అప్పుడు సన్నగా నీళ్లు చిలకరించాం. మగ కణం ఈదడానికి నీరు కావాలి కదా! సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చి చూస్తే కొన్ని రేకుల మీద చిట్టి ఆకులు నిలబడి ఉన్నాయి. ఇవి పెద్దవి కావడానికి ఇంకా ఏడాదికి పైగా పడుతుంది.

నర్సరీలో పెంచిన మొక్క కొన్నవాళ్లు ఈ సంగతులు గుర్తుంచుకోవాలి. దుప్పి కొమ్ముల ఫెర్న్‌ను, డ్రైనేరియాను చెక్క పలక మీద కొబ్బరి పీచు పరిచి, దారంతో వదులుగా కట్టాలి. చిగురు వచ్చే మొనను పీచుతో కప్పకూడదు, కప్పితే కుళ్లుతుంది. పక్షిగూడు ఫెర్న్‌ను కుండీలో పెట్టొచ్చు. కానీ మట్టి తక్కువ, కొబ్బరి చిప్ప ముక్కలు, బొగ్గు ఎక్కువ ఉండాలి. ఉదయం ఎండ, మధ్యాహ్నం నీడ మంచిది. పలకను బకెట్ నీళ్లలో కొద్దిసేపు ముంచి తీయాలి. మళ్లీ పీచు ఆరుతున్నట్టు అనిపించాకే ముంచాలి. రోజూ తడిపితే చచ్చిపోతుంది. ఎరువు వేస్తే చాలా పలచగా, వానాకాలంలో మాత్రమే. అన్నిటికన్నా ముఖ్యం, ఎండిన గోధుమ రంగు ఆకుల్ని శుభ్రం చేస్తున్నామని పీకెయ్యొద్దు. అది దాని దోసిలి, దాని కుండీ.

ముగింపు

మన వైద్యులు చెట్టు మీది మొక్క అని పేరులోనే చెప్పారు. లిండ్సే పొడి నుంచి పెంచి చూపాడు. వార్డ్ గాజు పెట్టెలో బతికించాడు. హాఫ్‌మైస్టర్ అది ఎలా పుడుతుందో చెప్పాడు. 300 ఏళ్లకు పైగా ఇంతమంది కష్టపడి సంపాదించిన జ్ఞానం ఇది. దీన్ని వాడకుండా ఈరోజు కూడా కొండకు వెళ్లి పీకితే అంతా వృథా అయినట్టే.

కాబట్టి తోటి విద్యార్థులను, తల్లిదండ్రులను అడిగేది ఇదే. మీ చెట్టు మీద ఏదైనా పెరిగితే బదనికా, ఫెర్నా అని ముందు చూడండి. వెనక గోధుమ చుక్కలుంటే అది ఫెర్న్, చెట్టుకు ముప్పు లేదు, వదిలెయ్యండి. మొక్క కొనేటప్పుడు ఇది పెంచిందా, అడవి నుంచి తెచ్చిందా అని అడగండి. కొండల్లో దుంప అమ్మేవాళ్లకు పొడి నుంచి పెంచే పద్ధతి ఎవరైనా నేర్పిస్తే, వాళ్ల బతుకుతెరువూ నిలుస్తుంది, బండల మీద పచ్చదనమూ నిలుస్తుంది. అది మా వల్ల కూడా అవుతుందని మా టీచర్ అంటున్నారు. మా తొట్టిలో ఉన్న చిట్టి మొక్కలు పెద్దవైతే వచ్చే ఏడాది తొమ్మిదో తరగతి వాళ్లకు అప్పగించి వెళ్తాం.